ర్యామ్‌కి పెట్టిన బొట్టు

ఏమండీ,

నేను కాకినాడలో మా పుట్టింటి నుంచి వచ్చేదాకా లాప్‌టాప్ మీద స్క్రూడ్రైవరు పెట్టకండి. మంచం మీద చిమ్మేసిన స్క్రూలన్నీ ఏరి నేనే బిగించాను. చారు వేడి చేసుకుని తినండి.

పాతదానికి కొత్త ర్యామ్ మీరే వేస్తానన్నారు, వేశారు. అది ఆన్ కాకపోతే అత్తయ్యగారి ముందు నన్నంటారా? "నీ చెయ్యి పడితే ఏదైనా ఇంతే!" టార్చిలైటు పట్టుకోవడం తప్ప నేనేం చేశానండీ?

పొద్దున్నే విప్పి చూశాను. మన కొట్లోకి కొత్త త్రాసు వచ్చినా, ఫ్యాను వచ్చినా చేసినట్టే ర్యామ్‌కీ పసుపు రాసి కుంకుమ పెట్టారు. పెట్టండి, వద్దనను. కానీ స్లాట్‌లోకి దూరే ఆ బంగారు రంగు పళ్ళ మీదా? అక్కడంతా పసుపు గట్టిపడిపోయింది. పెన్సిల్ రబ్బరుతో రుద్ది, తుడిచి మళ్ళీ పెట్టాను. వెంటనే ఆన్ అయింది.

నాకు ఫోన్ చెయ్యకండి. చేసినా ఎత్తను.

ప్రసన్న

బొట్టు పైమూత మీద పెట్టాను, చెరపకండి. అత్తయ్యగారు లేవగానే ఆన్ చేసి చూపించండి. ఎవరి చెయ్యి పడి ఆగిందో, ఎవరి చెయ్యి పడి నడిచిందో మీ నోటితోనే చెప్పండి.