అమ్మ మందారం చుట్టూ కందకం

ఆదివారం, మధ్యాహ్నం

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. నువ్వూ మరదలూ పాపాయీ క్షేమమని తలుస్తాను. ఇక్కడ నా ఒళ్ళు కులాసాగానే ఉంది. మనసు మాత్రం కుదురుగా లేదు. కారణం పిన్ని.

నాన్న పోయాక ఇల్లు ఆవిడ పేరు మీదికి వచ్చినప్పుడు మనం నోరు మెదపలేదు. ఇప్పుడావిడ వాకిట్లో తోట మీద పడింది. గేటు పక్కన అమ్మ నాటిన ముద్దమందారం, నూరువరహాలు గుర్తున్నాయిగా, మనకంటే పెద్ద పొదలు? వాటి చుట్టూ గుండ్రంగా మోకాలి లోతు కందకం తవ్వింది. తెగిన వేళ్ళు బయటికి కనిపిస్తున్నాయి. ఎందుకు పిన్నీ అంటే, ఊరికే, వేళ్ళకి గాలి తగలాలి అంది. నన్ను మరీ అంత వెర్రిదాన్ని అనుకుంటోంది.

బ్యాంకులో సంతకాలు సరిపోల్చే ఉద్యోగం నాది. ఎక్కడ తేడా ఉంటే నా కన్ను అక్కడే ఆగుతుంది. ఇక్కడ అన్నీ తేడాగానే ఉన్నాయి. రెండు పొదలకీ ఒక్కో కొమ్మకి ఎర్ర గుడ్డపీలిక కట్టింది. ఇల్లు కొనేవాళ్ళకి, ఇవి కొట్టెయ్యాలని గుర్తు కాకపోతే మరేమిటి? మొన్న ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని గేటు దగ్గర కొలుస్తుంటే, నన్ను చూడగానే పిన్ని వాళ్ళని వీధిలోకి తీసుకెళ్ళి గుసగుసలాడింది. తిరిగొచ్చి, ఏమీ ఎరగనట్టు నాకు టీ ఇచ్చి ఎండల గురించి మాట్లాడింది.

అన్నిటికంటే ఒళ్ళు మండే సంగతి విను. పక్కనే తను పెంచుకున్న నందివర్ధనం జోలికి పోలేదు. తవ్వకాలన్నీ అమ్మ మొక్కలకే. ఆవిడ చేతి వంట తిని పెరిగాం, జ్వరమొస్తే ఆవిడే తడిగుడ్డ వేసింది, కాదనను. కానీ ఈ ఇంట్లో అమ్మవంటూ మిగిలినవి ఆ రెండు పొదలే. అవీ పోతే నేను తట్టుకోలేను.

నిన్న ఆవిడ కునుకు తీస్తుంటే పార పట్టుకుని మందారం చుట్టూ మట్టి కప్పేశాను. సాయంత్రానికి మళ్ళీ తవ్వి ఉంది. నన్ను ఒక్క మాట అనలేదు. తప్పు చేసే మనిషి కాకపోతే తిట్టాలి కదా?

శనివారం నీ లాయరు స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని రా. ఇల్లు అమ్మే ఆలోచన ఉంటే మన మొహం మీదే చెప్పమందాం.

నీ అక్క

తా.క. సోమవారం. పైదంతా అంటించి పోస్టు చేయనందుకు దేవుడికి దండం. పొద్దున మందుల షాపతను చెప్పాడు, రోడ్డు వెడల్పు చేస్తున్నారట, మన వైపు ఇళ్ళన్నిటికీ వాకిళ్ళు పోతాయట. టేపు మనుషులు ఆ రోడ్డు పని ఆఫీసు వాళ్ళే. ఇంకొంచెం గడువు ఇమ్మని పిన్ని బతిమాలుకుందట. ఇంటికొచ్చి పిన్నిని నిలదీస్తే అప్పుడు చెప్పింది, ముదిరిన పొదని ఒక్కసారిగా పీకితే చస్తుందట. ముందు చుట్టూ వేళ్ళు కోసి ఆగితే లోపల పిల్లవేళ్ళు పుడతాయట, అప్పుడు మట్టిగడ్డతో సహా లేపి పెరట్లో నాటాలట. ఎర్ర పీలిక ఎండ వైపు కొమ్మకి, కొత్త చోట కూడా అటే తిప్పి పెట్టడానికి. మాకెందుకు చెప్పలేదు అని అడిగాను. చెబితే అవి బతుకుతాయని మీకు మాట ఇవ్వాలి కదా, ఆ ధైర్యం లేకపోయింది అంది. నందివర్ధనం సంగతేమిటంటే, పెరట్లో ఎండ పడే చోటు ఆ రెండింటికే ఉంది, అది పోతే పోనీ అంది.

లాయరు వద్దు, నువ్వొక్కడివే రా. శనివారం మందారాన్ని లేపుతున్నాం. పెరట్లో బట్టల దండెం తీసేసి ఎండలో ఇంకో మొక్కకి చోటు చేశాను. సాయంత్రం పిన్ని కూరలకి వెళ్ళినప్పుడు నందివర్ధనం చుట్టూ కందకం తవ్వాను. వచ్చి కందకం చుట్టూ తిరిగి చూసింది. తర్వాత కొంగు బిగించి, లోతు చాలలేదంటూ నా చేతిలో పార తీసుకుంది.