సగం బొటనవేలి ఇటుక

ఓట్‌లాండ్స్, తాస్మానియా
మార్చి 1961

కుమారి నోరా హెబ్డెన్ గారికి, ఓర్విల్ పెడ్డర్ నమస్కరించి వ్రాయునది.

ఈ జవాబు రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. ఖైదీల సంగతి అడిగితే తెలియదనడం మా ఊరి మర్యాద. ఇక్కడ ఎవరి ముత్తాతను అడిగినా సొంత టిక్కెట్టు కొనుక్కుని వచ్చినవాడే. ఒకప్పుడు ఇంగ్లండు నుంచి ఓడల్లో సంకెళ్లేసి తెచ్చి దింపినవాళ్లంతా ఉప్పునీళ్లలో కరిగిపోయారు కాబోలు! కానీ వాన పడుతోంది, నాకు తోచడం లేదు.

గొర్రెను దొంగిలించినందుకు యావజ్జీవం వేసి మీ యార్క్‌షైర్ నుంచి పంపేసిన మీ తాతల నాటి జాబ్ హెబ్డెన్ ఎక్కడున్నాడని అడిగారు. మా వంటింట్లో ఉన్నాడు, పొయ్యి పక్కన. చలికాలం హాయిగా ఉంటుంది.

ఇట్లు,
ఓ. పెడ్డర్

తా.క. సగమే ఉన్నాడు.

*

పెడ్డర్ గారికి,

పీనుగులను వంటింట్లో ఉంచుకోవడం మీ ఆచారమైతే ఏమీ అనను. మా పాదిరీగారు మాత్రం చెవులు మూసుకున్నారు.

జాబ్ తాతను పట్టుకుపోయిన రోజు ఆయన భార్య పెరటి తలుపు గడియ వేయలేదు, వస్తాడని. ఆ తర్వాత ఈ ఇంటికొచ్చిన కోడళ్లెవరూ వేయలేదు. ఇప్పుడు మా అమ్మ మంచం పట్టింది. "ఆయన లోపలికొస్తే గడియేసి పోతానే" అంటోంది. ఎక్కువ రోజులు లేవని డాక్టరు చెప్పాడు. దయచేసి ఆయన్ని పంపించండి.

నోరా

తా.క. మిగతా సగం ఎవరి వంటింట్లో ఉంది?

*

అమ్మాయీ నోరా,

ఇటుక, తల్లీ, ఇటుక! ఇక్కడ ఇటుకలు కోసే ఖైదీలు పచ్చి ఇటుక మీద గుర్తుగా బొటనవేలు నొక్కేవాళ్లు. మీ తాతకు కుడి బొటనవేలు సగం లేదని ఖైదీల ఆనవాళ్ల పుస్తకంలో ఉంది. మా పొగగూటిలో ఒక ఇటుక మీద సగం వేలే పడింది. దాన్ని పెకలించి, నా పాత కోటులో చుట్టి పంపాను.

ఓర్విల్

తా.క. తీసేటప్పుడు వెచ్చగా ఉంది. పొయ్యి వెలిగించి వారమైంది.

*

పెడ్డర్ గారికి,

కోటు చేరింది. ఇటుక లేదు. అమ్మ కోటంతా తడిమి "మనిషేడే?" అంది. చావుబతుకుల్లో ఉన్నామెతో పరాచికాలా?

నోరా హెబ్డెన్

తా.క. జేబుల నిండా తడి ఎర్రమట్టి ఉంది. ఉతికి పంపాలా?

*

అమ్మాయీ,

తిట్టు, పడతాను. ఇటుక గోడలోనే ఉంది. మళ్లీ పెకలించి, ఓడలో మీ దేశం వస్తున్న పక్కింటి ఎల్సీ చేతికిచ్చి పంపాను. ఇంగ్లండు రేవులో పెట్టె తెరిస్తే మట్టేనట. ఇక్కడ గోడ చూశాను. ఇటుక ఉంది, చుట్టూ సున్నం తడిగా ఉంది. సున్నం మీద సగం వేలి ముద్ర.

అప్పుడు తట్టింది. యావజ్జీవం పడ్డవాణ్ణి వదిలేటప్పుడు ఒక షరతు పెట్టేవాళ్లు: ఎక్కడికైనా పో, బ్రిటన్‌లో మాత్రం అడుగు పెట్టకు. సరేనని ఆ సగం వేలే ఒత్తి ఉంటాడు. పోయి ఇన్నేళ్లయినా మాట మీదే ఉన్నాడు, పిచ్చిమారాజు. ఫిర్యాదు చేసినవాళ్లే రమ్మనాలేమో.

ఓర్విల్

తా.క. ఆ గొర్రె క్రాషా అనేవాళ్లదట. మీ వైపు ఎవరైనా మిగిలారా?

*

పెద్దాయనకు,

మీ ఉత్తరం చదివి వినిపించాను. అమ్మ ఉత్తరం లాక్కుని క్రాషా పేరు మీద వేలు పెట్టింది. "నేను క్రాషా వాళ్ల పిల్లనే. ఈ ఇంటికి కోడలిగా వస్తూ ఆ సంగతి నోరెత్తలేదు" అంది. తర్వాత పెరటివైపు కేకేసింది: "జాబ్ మావయ్యా! గొర్రె పోతే పోయింది. వానలో నిలబడకు, లోపలికి రా."

మర్నాడు పొద్దున వంటింటి నేల రాళ్ల మీద ఎర్రమట్టి కాలిజాడలు, లోపలికి వచ్చినవే. గడియ మీద సగం బొటనవేలి ముద్ర.

అమ్మ తనే లేచి వెళ్లి గడియ వేసింది. టీ అడిగింది. తెచ్చేసరికి పోయింది.

మీ నోరా

తా.క. మీ గోడ ఒకసారి చూడండి.

*

నోరా తల్లికి,

చూశాను. కన్నమే ఉంది. ఈదురుగాలి కొడుతోంది. కోటు మీ దగ్గరే ఉండిపోయింది కనుక, గోనెసంచి కుక్కాను.

ఓర్విల్