ఎద్దులబండి మీద ఉపగ్రహం

సిరిగేరి, బుధవారం

నాయనా, నేను బాగానే ఉన్నాను, గొంతొక్కటే పోయింది. ఫోన్ చేస్తే నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి ఈ కార్డు.

నిన్న ఇక్కడి బడిలో ఊరి జనానికి మన రాకెట్ల చరిత్ర చెప్పాను. చంద్రుడి దాకా పోయామంటే చప్పట్లు కొట్టారు. తొలి రోజుల్లో ఒక ఉపగ్రహాన్ని ఎద్దులబండి మీద పెట్టి పరీక్షించారని ఫోటో చూపిస్తే మాత్రం ఒకటే నవ్వు. యల్లప్ప అనే వడ్ల రైతు లేచి, "చంద్రుని మీదికి పోయిండేది నమ్ముతామమ్మా, ఇది యాడన్నా ఉంటాదా? మా పాప తమాషా కథలు చెప్తాదని మీ నాయన సంతలో చెప్పిండేది నిజమే" అన్నాడు. నేను చెప్పేవి కథలు కావు, జరిగినవని నీకెన్నిసార్లు చెప్పాలి! ఊరూరా తిరిగి నేను నమ్మిస్తుంటే నువ్వు సంతలో కూర్చుని చెడగొడుతున్నావు.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? బోరు మోటారు బాగు చేయించావా? నా పాత కళ్లజోడు అటక మీద ఉంది, తీసిపెట్టు.

వచ్చే శుక్రవారం మన రూపనగుడి బడిలోనే చెప్తాను. వచ్చి ముందు వరసలో కూర్చో. జనం నవ్వితే లేచి ఒక్క మాట చెప్పు: ఎద్దులు బాగున్నాయని ఆ ఫోటోను పేపర్లోంచి కత్తిరించి, చిన్నప్పుడు నా చేతికిచ్చింది నువ్వేనని.

అమ్మకు దండాలు. నీకు మాత్రం ఆ మాట చెప్పిన తర్వాతే.

హారతి