మీ అమ్మ పెట్టిన టీ

వరహాలూ,

ఉభయకుశలోపరి అని రాయబోయి కలం ఆపాను. ఇక్కడ నేనూ మీ అమ్మా క్షేమం. అవతలి సంగతి నాకెలా తెలుస్తుంది? నువ్వు వెళ్ళి నిన్నటికి ఎనిమిది నెలలు.

ఒక మంచి కబురు చెప్పాలని కూర్చున్నాను. మీ అమ్మ టీ పెడుతోంది. తానొక్కతే. చూపు పోయిన పదకొండేళ్ళకి... నువ్వు నమ్మవు. ముందు నేనూ నమ్మలేదు.

నువ్వు పోయిన నెలకే బొబ్బిలి నుంచి మీ అన్న కార్డు రాశాడు. వేసవిలో వచ్చి అమ్మని తీసుకుపోతానని. "నువ్వు డ్యూటీకి పోతే చూపులేని మనిషికి వేడినీళ్ళయినా ఎవరిస్తారు బావా?" అని. అందులో తప్పేముంది? మీ అమ్మ మాత్రం కదలనంది. "ఈ క్వార్టర్‌లో ఎన్నడుగులకి ఏ గోడో నాకు తెలుసు. అక్కడ మళ్ళీ మొదట్నించి తడుముకోవాలేటి?" వాడొచ్చేలోగా తన టీ తాను పెట్టుకోవడం నేర్చుకుంటానని పట్టుబట్టింది.

నేర్పుతానన్నాను. కాలేజీ చదువు కదా... మొదటిరోజు నేను చేసిన పని చెబితే నవ్వుతావు. టీపొడి, పంచదార, ఉప్పు, అన్ని డబ్బాలకీ చీటీలు అంటించాను. గుండ్రటి అక్షరాలతో, పేర్లు రాసి! మీ అమ్మ తడిమి చూసి, "ఇదేటి బాబూ, డబ్బాకి పట్టీ వేశావు? దెబ్బ తగిలిందా?" అంది.

చీటీలు పీకేశాను. పంచదార డబ్బా మెడకి తనే పురికొస కట్టుకుంది. టీపొడికి వాసన చాలంది. ఉప్పుని అవతలి గూట్లోకి తరిమేసింది. బొగ్గుల సిగిడీ రాజెయ్యడం పాత విద్యే. కొంగు నడుముకి బిగించి, నిప్పు ఎంత అందుకుందో అరచేత్తో సెగ చూసి చెప్పేస్తుంది.

మరి మరగడం తెలిసేదెలా? ఆ గొప్ప మాత్రం నాది. గిన్నె అడుగున చిన్న ఇత్తడి మూత బోర్లించమన్నాను. నీళ్ళు మరిగేసరికి టకటకమంటుంది. తంతి ఆఫీసులో నా తార్ మిషను కూడా అంత స్పష్టంగా పలకదు.

అసలు చిక్కు గ్లాసు దగ్గర వచ్చింది. ఎంతవరకు నిండిందో తెలియాలిగా? అంచు లోపల వేలు పెట్టుకోమన్నాను. కాలింది. బొబ్బ లేచింది. ఆ సాయంత్రమే మీ అన్నని రమ్మని కార్డు రాశాను... పోస్టు డబ్బాలో వెయ్యలేదు. కాలినందుకు కాదు ఆమె కోపం. "వేలు ముంచిన టీ మనిషి చేతికిస్తారేటి? నీకిస్తే తాగుతావా?" తాగుతానన్నాను. "నేనివ్వను" అంది.

రెండు రోజులు మాటల్లేవు. మూడోనాడు, "కాగినాక కొలవడమేటి బాబూ? చల్లగా ఉన్నప్పుడే కొలిస్తే పోలేదా?" అంది. చిన్న గ్లాసు కుండలో ముంచితే నిండుగా తప్ప రాదు. దాంతో నీళ్ళు, గరిటెతో పాలు. కాగాక పెద్ద గ్లాసు అంచుకి గిన్నె ఆనించి వంపితే, ఉన్నదంతా పోసినా పొంగదు. బి.ఎ. చదివినవాడికి తట్టిందా?

మొన్న మీ అన్న వచ్చాడు. అమ్మ చీరలు సర్దడానికి ఖాళీ సంచీ కూడా తెచ్చాడు. కూర్చోగానే "టీ తాగుతావురా?" అని ఆమె లేచింది. వాడూ లేవబోయాడు. భుజం పట్టి కూర్చోబెట్టాను. లోపల మూత టకటకమంటే "అదేటి?" అని అదిరిపడ్డాడు.

ఒక్కొక్కటీ విడిగా కొలిచి కాచిన మూడు గ్లాసులు, పళ్ళెంలో. చుక్క ఒలకలేదు. వాడు తాగి, ఖాళీ గ్లాసు పళ్ళెంలో పెట్టాడు. "పంచదార తక్కువైందమ్మా" అన్నాడు.

"మీ ఇంట్లో ఎంతేస్తారో నాకు తెలీదు. నా ఇంట్లో ఇంతే" అంది.

నా ఇల్లు అంది, వరహాలూ! సంచీ ఖాళీగానే బండెక్కింది.

వాడు వెళ్ళాక అడిగాను, ఇన్నేళ్ళూ ఎందుకు పెట్టలేదని. "ఆ పిల్ల పెట్టనిచ్చిందా?" అంది. "నేనుండగా నీకెందుకే పొయ్యి?" అని నీ గొంతు పెట్టి అనుకరించింది. అచ్చం నువ్వే. ఇద్దరం నవ్వాం.

కోప్పడకు. నువ్వు ప్రేమకొద్దీ అన్నావు. నేనూ అలాగే అనేవాణ్ణి.

రేపు నాకు పొద్దుటి డ్యూటీ. నాకంటే ముందే లేస్తానంది. నీకొక మాట ఇస్తున్నాను. ఆమె పిలవనిదే సిగిడీ దగ్గరకి పోను. చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడతాను. అదెంత కష్టమో నీకు తెలుసు...

నీ
రామ్మూర్తి