కుక్కపిల్లను పంపెయ్యకు

బుజ్జీ,

కుక్కపిల్లను తీసుకెళ్ళడానికి సాయంత్రం మనిషి వస్తే, ఇవ్వడం లేదని చెప్పెయ్యి. ఫ్రిజ్‌లో ఉడికించిన చికెన్ ఉంది. గోరంత ముక్కలు చేసి, అది బయట ఒంటేలు పోసిన వెంటనే, అక్కడే ఒకటి పెట్టు. బిస్కెట్లు వద్దు. అది నమలడం అయ్యేసరికి ఎందుకు పెట్టామో మరిచిపోతుంది.

తప్పు నాదే. అది తివాచీ మీద పోసినప్పుడల్లా బిస్కెట్ చూపించి పక్కకు పిలిచాను. ఈ పొద్దున అక్కడే పోసి, తోకాడిస్తూ నా చేతివంక చూసింది.

దానికి బయటికెళ్ళడం నేర్పుతానన్న నిన్ను మీ అత్త ముందు "మాటలు కోటలు దాటుతాయి, కుక్కపిల్ల మాత్రం గడప దాటదు" అన్నాను. నీ మొహం చూడలేకే ముందుగా బయల్దేరాను.

– నాన్న

తివాచీ ముట్టుకోకు, నేనొచ్చి ఉతుకుతాను. అత్తకూ నేనే ఫోన్ చేసి చెబుతాను, ఎంత నవ్వినా సరే.