గంగమ్మ మామిడి తోటను కాయిన్ల పాలు కానీయవద్దని

శ్రీనివాసపురం,
జనవరి నెలాఖరు శుక్రవారం.

తాలూకా ఉద్యానవన శాఖ అధికారి వారి సముఖమునకు, మామిడి వ్యాపారి నంజుండప్ప వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: పూత మీద ఉన్న బాదామి, తోతాపురి మామిడి చెట్లను నరికించి, ఆ సొమ్ముతో క్రిప్టో కాయిన్లు కొనదలచిన శ్రీమతి గంగమ్మ అను తోట యజమానురాలిని తక్షణం ఆపవలసినదిగా ప్రార్థన.

తెలుగులో వ్రాసినందుకు మన్నించవలెను. కన్నడంలో వ్రాసిపెట్టే ఆయన బస్టాండు దగ్గర ఉన్నాడు గానీ, ఆయనకు చెబితే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది.

1. నేను ఈ తాలూకాలో చాలా ఏళ్ళుగా మామిడి తోటలు గుత్తకు పట్టుకొని వ్యాపారం చేయుచున్నాను. పూత చూసి బేరం కుదుర్చుకోవడం, కాయ దించి మండీకి తోలడం నా పని. గంగమ్మ తోటను ఏటా నేనే పట్టుకుంటాను. భర్త పోయినప్పటి నుండి ఆమెకు ఆధారం ఆ తోట. నాకూ సగం ఆధారం అదే.

2. మా వృత్తిలో ఒక మర్యాద ఉన్నది. కొనేవాడు సరుకును తిట్టవలెను. చెట్టు నిండా పూత ఉన్నా "పురుగు పడిండాది, సగం రాలిపోతాది" అనవలెను. అమ్మేవాళ్ళు "ఇట్లాంటి తోట కోలారు జిల్లాలోనే లేదు" అనవలెను. నిజం ఇద్దరికీ తెలుసు. మధ్యలో ఎక్కడో కలుస్తాము, కాఫీ తాగి లేస్తాము. దీన్ని అబద్ధం అని ఎవరూ అనరు. తమరు జీతం మీద బతికేవారు కనుక ఇంత వివరించవలసి వచ్చినది.

3. గంగమ్మ అల్లుడు మునేష్‌కు కేజీఎఫ్ రాబర్ట్‌సన్‌పేటలో మొబైల్ రిపేరీ అంగడి ఉన్నది. రెండేళ్ళ కిందట పగిలిన నా ఫోనుకు అద్దం వేయించుకోవడానికి నేను పోయినప్పుడు, అద్దంతో పాటు కాయిన్లు కొనే యాప్ కూడా వేసి ఇచ్చినాడు. కాయిన్ పేరు ఇక్కడ వ్రాయడం లేదు. వ్రాస్తే తమ ఆఫీసులో ఎవరైనా కొంటారేమోనని భయం.

కొంచెం కొన్నాను. మొదట దాని ధర లేచినది. తరువాత పడినది. పడగానే టీవీలో, పేపర్లో పెద్ద చదువులు చదివినవాళ్ళు దాన్ని తిట్టడం మొదలుపెట్టినారు. వట్టి గాలి అన్నారు, జూదం అన్నారు. నాకు నవ్వు వచ్చినది. ఇంత పెద్దవాళ్ళు ఇంత గట్టిగా తిడుతున్నారంటే తోట మొత్తం చవకగా కొట్టేయడానికే వచ్చినారని అర్థం చేసుకున్నాను. ఇంకొంచెం కొన్నాను. ఇంకా పడినది, ఇంకా తిట్టినారు, ఇంకా కొన్నాను. ఈ ఏడాది తోటలకు అడ్వాన్సు ఇవ్వాల్సిన డబ్బంతా అట్లనే పోయినది.

వాళ్ళు కొనడానికి తిట్టలేదు అయ్యా. ఊరికే నిజం చెప్పినారు. లాభం లేకుండా నిజం చెప్పే మనుషులు ఉంటారని మండీలో నాకెవరూ చెప్పలేదు.

4. అర్థం చేసుకోవడానికి నేను ప్రయత్నించలేదని తమరు అనుకోరాదు. మండీలో ధర పడితే కారణం కంటికి కనిపిస్తుంది. గాలివాన వచ్చి ఉంటుంది, లేకపోతే రసం ఫ్యాక్టరీలు కొనడం ఆపి ఉంటాయి. ఇక్కడ ఎందుకు పడిందని అడిగితే, ఏదో దేశంలో ఎవరో పెద్దమనిషి ఏదో అన్నాడట. ఎందుకు లేచిందని అడిగితే, అదే పెద్దమనిషి తరువాత ఇంకేదో అన్నాడట. కారులో కూర్చొని వీడియోలు చేసే ఒక అబ్బాయి ఎర్ర గీతలు, పచ్చ గీతలు చూపించి, నిన్న ఏం జరిగిందో అద్భుతంగా చెబుతాడు. రేపటి సంగతికి మాత్రం డబ్బు కట్టి గ్రూపులో చేరాలట. చేరినాను. అందులో కూడా నిన్నటి సంగతే.

దీనికి తోడు పన్ను. తోతాపురిలో పోయినది బాదామిలో సర్దుకోవడం మాకు అలవాటు. కాయిన్లలో అట్ల కుదరదట. ఒకదానిలో వచ్చిన లాభానికి నూటికి ముప్పై కట్టవలెను, ఇంకోదానిలో పోయినది అందులో తీసివేయరాదు. లాభానికి వాటాదారుగా వచ్చిన సర్కారు నష్టం దగ్గర మొహం చాటేసింది. ఇది తమ శాఖ కాదని తెలుసు, కడుపుమంట కొద్దీ వ్రాసినాను.

5. ఇక అసలు ఆపద. ధర బాగా పడి ఉన్నది కనుక ఇదే అదను అని మునేష్ అత్తకు చెప్పినాడు. ఆమె దగ్గర డబ్బు లేదు, చెట్లు ఉన్నాయి. సామిల్లు ఓబలప్ప వచ్చి మానులు కొలుచుకొని పోయినాడు. సోమవారం చెట్ల కోత. మునేష్‌ను అడిగితే, "మా నాయన గనిలో దిగి కడాన దగ్గు తెచ్చుకున్నాడు. మా అత్తకు ప్రతి ఏడూ పురుగులే, వానలే. కూర్చున్న చోట దుడ్డు పెరిగేది మాకెందుకు వద్దప్పా?" అన్నాడు. వాడు మోసగాడు కాడు. మోసగాడైతే పోలీసు స్టేషనుకు పోయేవాడిని. వాడు మనస్ఫూర్తిగా నమ్మినాడు, నమ్మినవాడి మీద కేసు ఎక్కడ పెట్టాలో నాకు తెలియడం లేదు.

6. నేను స్వయంగా గంగమ్మ ఇంటికి పోయి, ఆ కాయిన్ మంచిది కాదు, దిగవద్దు అని చెప్పినాను.

"ఇన్నేండ్లుగా నా తోటకి వస్తా ఉండావు నంజుండప్పా," అన్నది ఆమె. "ఒక్క ఏడాదైనా బాగుండాదని చెప్పినావా?"

"ఇది వేరే అక్కా. ఇది నిజం."

"పోయినేడు కూడా నిజమనే చెప్పినావు. మచ్చ పట్టిండాదంటివి. ఇంగ లారీలకి లారీలు తోలుకోని పోలేదా? నువ్వు ఇంత చెడ్డగా చెప్తా ఉండావంటే అది మంచి సరుకే."

ఇక మర్యాద పక్కన పెట్టి, నీ తోటలో ఈసారి వచ్చిన పూత నా జన్మలో చూడలేదక్కా, నువ్వు చెప్పిన ధరకే పట్టుకుంటాను, చెట్లు మాత్రం కొట్టించవద్దు అన్నాను. ఒక వ్యాపారి నోటి నుండి ఈ మాట రావడం ఎంత కష్టమో తమరికి తెలియదు.

"అయితే అడ్వాన్సు యాడ?" అన్నది.

"లేదక్కా. అంతా కాయిన్లలోనే ఉండాది."

"ఆ కాయిన్లు చెడ్డవి అంటివి కదప్పా. మరి నీ దుడ్డు ఇంగా ఆడనే ఎందుకు పెట్టుకోనుండావు?"

7. పై ప్రశ్న విన్నాక చెప్పులు తొడుక్కొని నేరుగా ఆఫీసుల వైపు నడిచినాను.

8. ఇంకో రెండు కార్యాలయాలకు పోయినాను. సొంత తోట, సొంత చెట్టు, మధ్యలో నువ్వెవరు అని అడిగినారు. చెట్ల గురించి అడగడానికి తమరు తప్ప ఎవరూ మిగలలేదు.

కావున తమరు దయయుంచి సోమవారం లోగా తోటకు విచ్చేసి, ఏదో ఒక నిబంధన చూపి, కాయ దిగే వరకైనా కోత నిలిపివేయవలెను. నిబంధన లేకపోతే ఉన్నట్టు చెప్పవలెను. జీపులో వచ్చి చెప్పినది ఆమె నమ్ముతుంది. ఆ చెట్లు పోతే ఆమెకు ముందు ముందు బువ్వ లేదు, ఈ మాట తలచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు.

ఇంతవరకూ విన్నవించినది పూర్తిగా చిత్తగించి, వెంటనే బయలుదేరవలెను.

తమ విధేయుడు,
ఈసారి నిజమే చెబుతున్న
నంజుండప్ప

తా.క. అర్జీ మడిచి జేబులో పెట్టుకున్నాక గంగమ్మ మా ఇంటికి వచ్చినది. "నేను బాగా ఆలోచన చేసినాను. అది నిజంగానే చెడ్డదైతే నా ముందర అంతా అమ్మెయ్. వచ్చినంత నాకు అడ్వాన్సుగా ఇయ్యి, ఎంతైనా సరే. ఓబలప్పని రావద్దంటాను," అన్నది. న్యాయమైన మాట. ఆమె పక్కనే కూర్చొని యాప్ తెరిచినాను. అమ్మాలంటే ఒక్క బొత్తాం నొక్కితే చాలు.

అయ్యా, సరిగ్గా అప్పుడే ధర రవ్వంత లేచినది.

ఒక్క నిమిషం ఉండక్కా అన్నాను. ఆమె ఉన్నది. ఇంకొక్క నిమిషం అన్నాను. ఆమె లేచి, గుమ్మంలో నిలబడే ఓబలప్పకు ఫోను చేసి, సోమవారం దాకా ఎందుకు, రేపు తెల్లవారే రమ్మని చెప్పినది.

తమరు రేపు తెల్లవారకముందే రావలెను. ఆ చెట్లను నిలబెట్టే పని నా బొటనవేలి కింద ఉండినది, నేను చేయలేకపోయినాను.