గాలి పిండే బండి

కృష్ణగిరి, సోమవారం

డిప్లొమా చదివిన బామ్మర్ది పరశురామ్‌కు, ఎనిమిదో తరగతితో బడిని వదిలేసి బడిని సంతోషపెట్టిన బావ అశ్వత్థప్ప ఆశీర్వదించి రాయడమేమంటే,

పొద్దున్నే నాలుగు తమాషా వీడియోలు పంపినందుకు సొంత అక్క మొగుడి నెంబరు బ్లాక్ చేశావు కదా. అందుకని హోసూరు బస్సు కండక్టరు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. దీన్ని ఎట్లా బ్లాక్ చేస్తావో చూస్తాను.

నీ షెడ్డులో తయారైన క్యారవాన్ మా ఇంటి ముందుకు వచ్చి నిలబడింది. ఏం బండి కట్టావయ్యా. మంచం, పొయ్యి, స్నానాల గది సరే, ఆ కొళాయి చూడాలి. తిప్పితే బుర్రుమంటుంది, నీళ్ళు దూకుతాయి. కట్టేస్తే నోరు మూసుకుంటుంది. మున్సిపాలిటీ కొళాయికి ఇంత మర్యాద ఎప్పుడైనా ఉందా? సాయంత్రం దాకా తిప్పుతూ కట్టేస్తూ కూర్చున్నాను. మీ అక్క నాగరత్నం వచ్చి, "చిన్నపిల్లోడి మాదిరి ఆ ఆటేందయ్యా" అని తిట్టింది. నేను లేవగానే తను కూర్చుంది.

ఎదురింటి పిల్లమ్మ వచ్చి, "ఏమప్పా, బండికి పైపు లేదు, నీళ్ళు యాడనుంచి వస్తా ఉండాయి?" అంది. నా నోరు ఊరుకుంటుందా? "గాలిని పిండుతుందమ్మా. ఆ బుర్రుమనేది పిండే సద్దే" అన్నాను.

"కృష్ణగిరి గాలిలో నీళ్ళు యాడుండాయి, దుమ్ము తప్ప?"

"అందుకే ఫిల్టరు పెట్టినారు."

ఆమె కాసేపు ఆలోచించి, తృప్తిగా వెళ్ళిపోయింది.

నీ బండి మీద మనసు పారేసుకున్న
బావ అశ్వత్థప్ప

తా.క.: పిల్లమ్మ తృప్తిగా వెళ్ళింది వీధంతా చెప్పడానికట. ఇప్పుడు బండి ముందు బిందెలు వరుసలో నిలబడ్డాయి. మనుషులు ఇంకా రాలేదు.

*

హోసూరు, మంగళవారం

బావగారికి పరశురామ్ నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. గాలీ లేదు, పిండడమూ లేదు. వెనక మంచం కింద తొట్టి ఉంది. బండి ఎడమ పక్కన తాళం ఉన్న మూత తీసి, శుభ్రమైన పైపు పెట్టి నింపాలి. తొట్టి పక్కన బ్యాటరీ మీద నడిచే చిన్న మోటారు ఉంది. కొళాయి తిప్పితే పైపులో ఒత్తిడి తగ్గుతుంది, మోటారు లేస్తుంది. కట్టేస్తే ఒత్తిడి పెరుగుతుంది, ఆగుతుంది. మీరు విన్న బుర్రు అదే. తొట్టి ఖాళీ అయ్యాక కూడా కొళాయి తెరిచే ఉంటే ఒత్తిడి పెరగదు, మోటారు ఆగదు, వేడెక్కి కాలిపోతుంది. ఇది మాత్రం దయచేసి గుర్తు పెట్టుకోండి.

ఆ బండి మీ దగ్గరికి ఆటకు పంపలేదు. బెంగళూరులో క్యారవాన్లు అద్దెకు తిప్పే ప్రతిభ గారు ఆదివారం మీ ఇంటికే వస్తారు. ఒక సంసారం బండిని వారం రోజులు వాడాక ఎట్లా ఉందో చూస్తానన్నారు. నన్ను రావద్దన్నారు. కట్టినవాడు పక్కన నిలబడితే ప్రతి బండీ మంచిదిగానే కనిపిస్తుందట. ఆమెకు నచ్చితే ఇకమీదట ఆమె బండ్లన్నీ నా షెడ్డులోనే కట్టిస్తారు. నచ్చకపోతే షెడ్డుకు తాళం వేసి, మళ్ళీ ఎవరి కంపెనీలోనో వెల్డింగుకు పోవాలి. నాకున్నది ఈ ఒక్క అవకాశమే బావా.

కాబట్టి వీధిలో అందరికీ నిజం చెప్పండి.

విధేయుడు,
పరశురామ్

తా.క.: ప్రతిభ గారి దగ్గర గాలి మాట ఎత్తకండి. ఆమె ఇంజనీరు.

మరో తా.క.: బ్లాక్ తీయను.

*

కృష్ణగిరి, బుధవారం

చిరంజీవి పరశురామ్‌కు బావ దీవెనలు.

నిజం చెప్పాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వీధిలో నిలబడి నిజం చెప్పాను, ఒక్కరూ నమ్మలేదు. మూత తీసి, తొట్టి చూపించి, "ఈడ నీళ్ళు పోస్తే ఆడ వస్తాయి" అన్నాను. పిల్లమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "నీళ్ళు పోసి నీళ్ళు పట్టుకునేదానికి మేమేమన్నా పిచ్చోళ్ళమా? రహస్యం చెప్పొద్దని నీ బామ్మర్ది అన్నాడా ఏంది?" అని అడిగింది. నువ్వు వీధిలో చాలా పెద్దవాడివైపోయావు.

ఇప్పుడు అసలు సంగతి. మా వీధికి మున్సిపాలిటీ నీళ్ళు వాటికి బుద్ధి పుట్టినప్పుడు వస్తాయని నీకు తెలుసు. అందుకే మీ అక్క ఇంట్లో కొళాయి ఎప్పుడూ తెరిచిపెట్టి, కింద ఖాళీ బిందె ఉంచుతుంది. బిందెలో చప్పుడైతే ఎక్కడున్నా పరిగెత్తి వస్తుంది. ఆ అలవాటుతోనే నీ బండి కొళాయి కూడా తెరిచి, బిందె పెట్టి, సంతకు పోయింది. బిందె నిండింది, పొంగింది, తొట్టి మొత్తం తూములో పోయింది. ఆమె తిరిగొచ్చి, బుర్రుమంటున్న మోటారును విని, "పాపం కష్టపడతా ఉండాది, ఇంకొంచెం సేపట్లో వస్తాయిలే" అని పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచింది. నేను వచ్చేసరికి కాలిన వాసన. మోటారు పోయింది.

ఇది ఆట కాదు, వెంటనే రా.

నిజం చెబుతున్న
అశ్వత్థప్ప

తా.క.: నమ్మవేమోనని మోటారు తాలూకు కాలిన వైరు ముక్క ఈ ఉత్తరానికి కుట్టి పంపుతున్నాను.

*

హోసూరు, గురువారం

గౌరవనీయులైన బావగారికి,

పోయిన ఏడు బర్గూరు దగ్గర మీ లారీ బోల్తా పడిందని కబురు చేస్తే, చేస్తున్న పని వదిలి పరిగెత్తి వచ్చాను. మీరు గ్రానైట్ బండ మీద కూర్చుని పుచ్చకాయ తింటున్నారు. నాకూ ఒక ముక్క పెట్టారు. ఈసారి రాను. కొళాయి తెరిచిపెట్టి సంతకు పోయేంత వెర్రిదా మా అక్క? ఆమె పేరును మీ తమాషాలకు వాడుకోవద్దు.

నిజంగా మోటారు పోయినవాడు నీళ్ళకు రెండో దారి ఏదైనా ఉందా అని అడిగి ఉండేవాడు. మీరు అడగలేదు, అక్కడే దొరికిపోయారు. అయినా అడక్కుండానే చెబుతున్నాను, మూత పక్కన ఇంకో నోరుంది. ఇంటి కొళాయి నుంచి పైపు నేరుగా అక్కడ బిగిస్తే తొట్టీ మోటారూ అక్కర్లేదు, నీళ్ళు అన్ని కొళాయిలకూ పోతాయి. కానీ పైపుకూ బండికీ మధ్య చిన్న ఇత్తడి ముక్క బిగించాలి. ఒత్తిడి తగ్గించేది అదే. పొయ్యి కింది పెట్టెలో ఉంది. అది లేకుండా లోపలి పైపులు తట్టుకోవు.

మోసపోని
పరశురామ్

తా.క.: కాలిన వైరు చాలా బాగా కుదిరింది. ఎక్కడ సంపాదించారు?

*

కృష్ణగిరి, శుక్రవారం

అనుమానాల బామ్మర్దికి,

మున్సిపాలిటీ కొళాయిని నమ్ముకోకుండా, రెండో నోటికి తాగడానికి పనికిరాని మన ఉప్పునీళ్ళ బోరు మోటారు పైపే బిగించేశాను. అబ్బ, ఏం నీళ్ళయ్యా. కొళాయి కింద గిన్నె పెడితే గిన్నె ఎగిరి మంచం మీద పడింది. స్నానం చేస్తే నిన్నటి జ్వరం కూడా పారిపోయింది. మీ అక్క మురిసిపోతోంది. ప్రతిభ గారు చూస్తే మూర్ఛపోతుంది. నువ్వు ఇక నిశ్చింతగా ఉండు.

విజయుడు
అశ్వత్థప్ప

తా.క.: పెట్టెలో ఇత్తడి ముక్క లేదు. పెట్టడం మరిచిపోయినట్టున్నావు, పర్వాలేదు.

*

హోసూరు, శనివారం

బావా, నా చేతులతో పెట్టాను. వెతకండి. బోరు ఆపండి. బ్లాక్ తీసి చేస్తే మీ ఫోన్ కలవడం లేదు. ఇది తమాషా అయితే మీ కాళ్ళకు మొక్కుతాను, కాకపోతే ఇంకా ముందు మొక్కుతాను.

పరశురామ్

తా.క.: ఆ వైరును ఇప్పుడే షెడ్డులో పాత మోటారు పక్కన పెట్టి చూశాను. అది మా వైరే.

*

కృష్ణగిరి, సోమవారం

ప్రియమైన పరశురామ్‌కు బావ ఆశీస్సులు.

నిన్న సాయంత్రమే నీకు ఫోన్ చేస్తానని ప్రతిభ గారు బయలుదేరితే, "వద్దమ్మా, నేనే రాస్తాను" అని బతిమాలి ఆపాను. ఇంత మంచి కథ ఆమె నోట రెండు ముక్కల్లో పోతే నేను తట్టుకోలేను. కుర్చీలో కూర్చో. మంచినీళ్ళు దగ్గర పెట్టుకో.

నీ ఉత్తరం వచ్చేసరికి ఆమె బండి లోపలే ఉంది. నాగరత్నం కాఫీ ఇచ్చి, "చేతులు కడుక్కోండమ్మా" అని కొళాయి చూపించింది. బోరు స్విచ్చి వేసింది నేనే. గట్టిగా టప్పుమని సద్దు. సింకు కింద పైపు ఊడి, నీళ్ళు పాములాగా లేచి, ఆమె ముఖం మీద కొట్టి, పైకప్పు తాకి, పరుపు మీద పడ్డాయి. బయటి నుంచి పిల్లమ్మ, "ఈ పొద్దు గాలి ఎక్కువుండాదే" అంది.

నేను బోరు ఆపి వచ్చేసరికి ప్రతిభ గారు జుట్టు పిండుకుంటూ తడి పరుపు మీద కూర్చుని ఉంది. అయిపోయింది, పరశురామ్ వెల్డింగుకు పోయాడు అనుకున్నాను. నా నోట తమాషా మాట ఒక్కటీ రాలేదు. కావాలంటే మీ అక్కను అడుగు.

ఆమె అడిగింది: "ఒత్తిడి తగ్గించే ముక్క ఎక్కడ?"

నాగరత్నం అమాయకంగా ఇంట్లోకి తీసుకుపోయి చూపించింది. మీ అక్కకు ఇత్తడి కనపడితే చింతపండు పెట్టి తోమాలి, తోమింది మెరిస్తే దేవుడి గూట్లో పెట్టాలి. నీ ముక్క లక్ష్మీదేవి పటం ముందర, కుంకుమ బొట్టుతో కూర్చుని ఉంది. పొద్దున నేనే దానికి దండం పెట్టాను.

"మరి మోటారు ఎట్లా పోయింది?" అంది ఆమె. నాగరత్నం బిందె సంగతి మొత్తం చెప్పింది, చిక్కుడుకాయలతో సహా. ప్రతిభ గారు నవ్వలేదు, కోప్పడలేదు. ఒక్కొక్కటీ మళ్ళీ చేసి చూపించమంది. చివరకు ఏమందో విను:

"మా బండ్లు పరీక్ష చేసేవాళ్ళంతా కొళాయి కట్టేసేవాళ్ళే. అందుకే అక్కడ ఏదీ చెడిపోదు. అద్దెకు ఇవ్వగానే అన్నీ చెడిపోతాయి. బండి కట్టేవాళ్ళు నాకు చాలామంది దొరికారు, మీలాంటి మనిషి దొరకలేదు నాగరత్నమ్మా."

ఆర్డరు నీదే పరశురామూ. చెయ్యి తీసేస్తే తనంతట తానే మూసుకునే కొళాయి పెట్టాలి. తొట్టి ఎండితే ఆగిపోయే మోటారు పెట్టాలి. ఆ ఇత్తడి ముక్కను గోడ లోపల, ఎవరూ తోమలేని చోట బిగించాలి. ఇంకో షరతు: నువ్వు కట్టే ప్రతి బండిలో మీ అక్క వారం రోజులు కాపురం చేస్తుంది. ఆమె చెడగొట్టలేకపోయిన బండినే ప్రతిభ గారు కొంటుంది. జీతం కూడా ఇస్తుంది.

"మరి నేను?" అన్నాను.

"మీరు చెడగొడితే వేరండి. మీరు కావాలని చేస్తారు" అంది.

సంసారం మీదికి తెచ్చావు. నేను ఇక్కడ అన్నానికి ఎన్ని నీళ్ళు ఎసరు పెట్టాలో తెలియక పిల్లమ్మను అడుగుతున్నాను. ఆమె గాలి సంగతి ముందు చెప్పమంటోంది.

నీ విజయానికి పొంగిపోతూ, ఆకలితో
బావ అశ్వత్థప్ప

తా.క.: ఈ ఉత్తరం మీ అక్క చేతికే ఇచ్చి పంపాను. షెడ్డులో నీ రెండో బండి ఉందట కదా, కొత్త ఉద్యోగం ఈ రోజే మొదలుపెడతానంది. నువ్వు తల వంచుకుని ఇక్కడిదాకా చదివావంటే ఆమె ఎప్పుడో లోపలికెక్కింది. ఉత్తరం పడేసి పరిగెత్తు.